పత్రహరితం చుక్కల సీసా: నలభై రోజులు వాడి చూశాక

పొద్దున ఏడున్నర కాగానే మా అక్క స్టీలు గ్లాసుతో డాబా ఎక్కేది. గ్లాసులో ఆకుపచ్చ నీళ్లు. గడగడా తాగేసి, కొంగు నడుముకి దోపుకుని, మోచేతుల దాకా చేతులు చాపి తూర్పుకి తిరిగి ఇరవై నిమిషాలు కూర్చునేది. "ఇది తాగి ఎండలో కూర్చుంటే చెట్టుకి పట్టినట్టే మన ఒంటికీ శక్తి పడుతుందటే" అని నాతో చెప్పింది.

నేను ఇంటర్ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పబట్టి పంతొమ్మిదేళ్లు. కిరణజన్య సంయోగక్రియ పాఠం ఏటా చెబుతాను, ఏటా ఇష్టంగానే చెబుతాను. అక్క ఆ మాట అనగానే నాకు భయం వేసింది. ఎందుకంటే ఆమెకి శక్తి నిజంగానే కావాలి. తెనాలిలో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఏడాదిగా డాబా మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికల్లా కళ్లు మూతపడిపోవడం. మిషను తొక్కలేక కిందటి దసరాకి మోటారు బిగించుకుంది. వయసు 47.

సీసా తెప్పించింది అక్క కూతురు. హైదరాబాదులో ఉద్యోగం. అమ్మ నీరసం చూడలేక ఆన్‌లైన్‌లో వెతికి రెండు సీసాలు పంపింది. ఒకటి అమ్మకి, ఒకటి నాకు. "పిన్నీ, నువ్వూ వాడు, పొద్దస్తమానం నిలబడి పాఠాలు చెబుతావు కదా" అంది. సీసా 500 మి.లీ., ధర 749 రూపాయలు. రోజుకి రెండు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగాలి. కంపెనీ పేరు నేను రాయను. ఇదే సరుకు వేరే వేరే పేర్లతో దొరుకుతోంది, కొద్ది తేడాలతో అవే మాటలు రాసి అమ్ముతున్నారు. నేను చెప్పేది సీసాలో ఉన్నదాని గురించి.

అమ్మే పేజీలో ఏముందో ముందు చెబుతాను. "మొక్కల రక్తం" అని పెద్ద అక్షరాలు. "సూర్యశక్తి నేరుగా మీ కణాల్లోకి" అని దాని కింద. ఆకులాగే ఉన్న ఒక పచ్చటి సముద్రపు నత్త బొమ్మ, దాని పక్కన "ఈ జీవి చేయగలిగింది మీరూ చేయగలరు" అని ఇంకో మాట. ఆ నత్త సంగతి తర్వాత చెబుతాను, దాని బొమ్మ అక్కడ కనబడటమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది.

వాడకం గురించి. పుదీనా రుచి, గొంతు చల్లగా అవుతుంది, తాగడానికి కష్టమేమీ లేదు. నాలుక పచ్చబడుతుంది, పుక్కిలిస్తే పోతుంది. గుడ్డ మీద పడితే మాత్రం వదలదు. అక్క కుడుతున్న మీగడ రంగు జాకెట్టు గుడ్డ మీద ఒక్క చుక్క పడింది. సబ్బు, నిమ్మకాయ, ఎండ ఏదీ పని చేయక, గుడ్డ ఇచ్చినావిడకి కొత్తది కొనిచ్చింది. మూతకి లోపల బిరడా లేదు, సీసా పక్కకి పడితే కారుతుంది. మూడో రోజు నుంచి విరోచనం ఆకుపచ్చగా అవుతుంది. అది ప్రమాదమేమీ కాదు, తాగిన రంగులో ఎక్కువ భాగం ఒంటికి పట్టకుండా బయటికి పోతోందని అర్థం. కానీ ఆ సంగతి సీసా మీద ఒక్క ముక్క రాసి ఉంటే అక్క ఆ రోజు అంత హడలిపోయేది కాదు.

శక్తి మాట. నేను ఒక నోటుపుస్తకం పెట్టి సాయంత్రం నాలుగింటికి, అయిదో పీరియడ్ అయ్యాక, అలసటకి పదికి ఎన్ని మార్కులో రోజూ వేసుకున్నాను. మొదటి వారం కొంచెం హుషారుగా ఉన్నట్టే రాసుకున్నాను. అప్పుడు పరీక్షల సెలవులు, రోజూ ఎనిమిది గంటలు నిద్రపోయాను. కాలేజీ మళ్లీ మొదలయ్యాక అంకెలు పాత చోటికే వచ్చాయి. అక్క డాబా మెట్లు పదహారు. సీసా మొదలుపెట్టిన రోజుల్లో పదమూడో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకునేది. నెల దాటాక తొమ్మిదో మెట్టు దగ్గరే ఆగింది. నేను కింద నుంచి చూస్తున్నాను. ఆ రోజే సీసా వెనక చీటీ భూతద్దం పెట్టి చదివాను.

ముందు వైపు "క్లోరోఫిల్" అని ఉంది, అంటే పత్రహరితం. వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది వేరు: శుద్ధిచేసిన నీరు, గ్లిజరిన్, సోడియం కాపర్ క్లోరోఫిలిన్, పుదీనా నూనె, నిలవ ఉంచే పదార్థం. క్లోరోఫిల్, క్లోరోఫిలిన్. పేరులో ఒక్క అక్షరం తేడా, వస్తువులో చాలా తేడా. ఆకులోని పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుంది, వెనక పొడవాటి తోక ఉంటుంది. ఆ తోక వల్లే అది కొవ్వులో కరుగుతుంది గాని నీళ్లలో కరగదు. ఆకు రసాన్ని క్షారంతో ఆ తోక తెగేలా చేసి, మెగ్నీషియం తీసేసి దాని చోట రాగి పెడితే నీళ్లలో కరిగే పచ్చరంగు వస్తుంది. చాక్లెట్లకీ చూయింగ్ గమ్‌లకీ వేసే ఐఎన్‌ఎస్ 141 రకం ఆహారపు రంగు ఇదే.

ఇది ఇంట్లోనే చూడొచ్చు. మా పిల్లల చేత చేయిస్తాను కాబట్టి నాకు అలవాటే. నాలుగు పాలకూర ఆకులు రోట్లో నూరి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ పోసి, దూదిలోంచి వడగట్టాను. చిక్కటి పచ్చ ద్రవం వచ్చింది. గదిలో లైటు ఆర్పి, దొంగనోట్లు పట్టడానికి షాపుల్లో వాడే ఊదారంగు టార్చి దాని మీద వేశాను. పచ్చ ద్రవం రక్తంలాగా ఎర్రగా వెలిగింది. వెలుతురు తాగిన పత్రహరితానికి ఆ శక్తిని అందుకునే యంత్రం పక్కన లేకపోతే, కొంత శక్తిని ఇలా ఎర్రటి వెలుగుగా బయటికి వదిలేస్తుంది. తర్వాత సీసాలోని చుక్కలు నీళ్లలో కలిపి అదే టార్చి వేశాను. ఏ వెలుగూ లేదు. మధ్యలో రాగి ఉంటే ఆ మెరుపు ఆరిపోతుంది, పట్టిన వెలుతురు వేడిగా మారిపోతుంది.

రెండో పరీక్ష మన వంటింట్లో రోజూ జరిగేదే. గోంగూర ఉడకగానే లేత పచ్చదనం పోయి ముదురు ఖాకీ రంగుకి తిరగడం చూడనివాళ్లు ఎవరు? ఆకులోని పులుపు మెగ్నీషియాన్ని తోసేస్తుంది, రంగు మారుతుంది. పాలకూర స్పిరిట్ రసంలో వెనిగర్ వేస్తే అదే జరిగింది. సీసా చుక్కల్లో వేస్తే పచ్చదనం చెక్కుచెదరలేదు. అంత గట్టి రంగు కాబట్టే అక్క జాకెట్టు గుడ్డ పాడైంది.

సరే, అసలైన పత్రహరితమే తాగినా ఏమవుతుంది? కప్పు పచ్చి పాలకూరలో అది సుమారు 24 మి.గ్రా. ఉంటుంది, ముద్దపప్పులో ఆకుకూర కలుపుకుని తినే మనం పుట్టినప్పటి నుంచీ తింటూనే ఉన్నాం. పత్రహరితం ఒక్కటే కిరణజన్య సంయోగక్రియ చేయదు. అక్కకి ఆమె మిషనుతోనే చెప్పాను. మిషను చక్రం ఒక్కటి తెచ్చి ఒళ్లో పెట్టుకుంటే జాకెట్టు కుడుతుందా? బెల్టు కావాలి, సూది కావాలి, దారం, బాబిన్, కింద గుడ్డ కావాలి. ఆకులో హరితరేణువు అనే సంచి ఉంటుంది. దాని లోపల పొరల మీద పత్రహరిత అణువులు వందలు వందలుగా ఒక కేంద్రం చుట్టూ అమరి, పట్టిన వెలుతురుని ఆ కేంద్రానికి చేరవేస్తాయి. అక్కడ నీటి అణువు విడిపోతుంది, మనం పీల్చే ఆక్సిజన్ అలా వచ్చిందే. ఎలక్ట్రాన్లు ఒకదాని తర్వాత ఒక ప్రోటీను చేతులు మారతాయి, కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ అనే పదార్థం తయారవుతుంది, చివరికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఈ సంచి మొత్తం నడవడానికి వేలల్లో ప్రోటీన్లు కావాలి. వాటిలో చాలావాటికి సూచనలు హరితరేణువులో కూడా ఉండవు, మొక్క కణ కేంద్రకంలో ఉంటాయి. మన కడుపులోకి పోయిన పత్రహరితం చుట్టూ ఇవేవీ లేవు. పైగా కడుపులో ఎండ ఎక్కడిది?

"మొక్కల రక్తం" మాట గురించి కూడా చెప్పాలి. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్, పత్రహరితం చూడటానికి అక్కచెల్లెళ్ల లాంటివే. రెండింటిలోనూ నాలుగు నత్రజనుల చట్రం ఒకే తీరున ఉంటుంది, ఒకదాని మధ్యలో ఇనుము, రెండోదాని మధ్యలో మెగ్నీషియం. ఈ పోలిక అందమైనదే, నేనూ క్లాసులో బోర్డు మీద రెండూ పక్కపక్కన గీస్తాను. కానీ మన శరీరం పత్రహరితాన్ని తీసుకుని హీమ్‌గా మార్చుకోదు. గ్లైసీన్ అనే చిన్న అమైనో ఆమ్లం దగ్గర మొదలుపెట్టి తనే సొంతంగా కట్టుకుంటుంది, చివరి మెట్టులో ఇనుము చేర్చుకుంటుంది. ఆ ఇనుము ఈ సీసాలో లేదు.

పోనీ, మన చర్మమంతా ఆకుగా మారిపోయిందనే అనుకుందాం. డాబా మీద సోలార్ పలకలు వేయించుకున్నవాళ్లకి తెలుసు, మన వైపు మంచి ఎండ రోజున చదరపు మీటరు మీద పడేది సుమారు 5 యూనిట్ల శక్తి. అది 4300 కిలోకేలరీలు. వినడానికి పెద్ద అంకె. కానీ పొలంలో పైరు ఆ ఎండలో ఆహారంగా మార్చుకునేది నూటికి ఒక వంతు అటూ ఇటూ. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదరపు మీటరు చర్మం ఎండకి ఆరబెట్టుకుని పడుకుంటే వచ్చేది 43 కిలోకేలరీలు, ఒక చిన్న ఇడ్లీ. మనిషికి రోజుకి కావలసింది రెండు వేలు. అక్క కూర్చునేది ఇరవై నిమిషాలు, అదీ పొద్దుటెండలో. చీర కట్టుకున్న మనిషికి ఎండ తగిలేది ముఖం, మోచేతులు, పాదాలు, మహా అయితే చదరపు మీటరులో పదో వంతు. చదరపు మీటరుకి 500 వాట్ల ఎండ అని ఉదారంగా వేసుకున్నా లెక్క 0.14 కిలోకేలరీ దగ్గర ఆగింది. ఉడికిన అన్నంలో రెండు మెతుకులు. ఆమె చర్మం ఏ లోటూ లేని ఆకు అయి ఉంటే వచ్చేది అంత. చెట్టు కదలకుండా నిలబడి, వేల ఆకులు పరుచుకుని బతుకుతుంది. నడిచే, మిషను తొక్కే, పిల్లల్ని కనే వెచ్చని ఒంటికి ఆ ఆదాయం చాలదు.

ఇప్పుడు ఆ నత్త సంగతి. దాని పేరు ఎలీసియా క్లోరోటికా. అమెరికా తూర్పు తీరపు ఉప్పు చవుడు మడుగుల్లో ఉంటుంది, రెండు మూడు సెంటీమీటర్ల జీవి. వౌచేరియా అనే పోగులాంటి నాచుని, అంటే శైవలాన్ని, కొరికి, లోపలి రసాన్ని పీల్చి, అన్నీ అరిగించుకుని హరితరేణువుల్ని మాత్రం అరిగించుకోకుండా తన పేగు కణాల్లో దాచుకుంటుంది. ఆ పేగు కొమ్మలు కొమ్మలుగా చీలి ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది, అందుకే జీవి మొత్తం ఆకు ఈనెలతో సహా కనిపిస్తుంది. తర్వాత నెలల తరబడి తిండి లేకుండా బతకగలదు. మొదటిసారి దీని బొమ్మ చూసినప్పుడు నేను ఎంఎస్సీ చదువుతున్నాను. లైబ్రరీ మూసేస్తున్నారని చెప్పేదాకా లేవలేదు.

ఆ హరితరేణువులు నత్త ఒంట్లో అన్నాళ్లు ఎలా పని చేస్తున్నాయి? శైవలం జన్యువులు నత్తలోకి చేరాయని 2008లో ఒక పరిశోధన చెప్పింది. ఆ తర్వాత నత్త గుడ్లలోని డీఎన్‌ఏ చదివితే అలాంటి జన్యువులున్న దాఖలా దొరకలేదు. 2014లో ఇంకొందరు ఇదే తరహా నత్తలు రెండు జాతులవి తీసుకుని చీకట్లో ఆకలితో ఉంచితే, వెలుతురులో ఉంచినవాటిలాగే నెలల పాటు బతికాయి. అంటే కనీసం ఆ జాతుల్లో, దాచుకున్న హరితరేణువులు వంటశాల కన్నా నిలవ గాదెలాగా పనికొస్తున్నాయేమో. సొంత పేగులో హరితరేణువులు పెట్టుకున్న జీవి సంగతే ఇంకా తేలలేదు. దాని బొమ్మ చూపించి నీరసంగా ఉన్న ఆడమనిషికి ఆహారపు రంగు అమ్మడం నేను ఒప్పుకోలేను.

అక్క కూతురు నాకు కొన్ని వ్యాసాలు పంపింది, "ఇవి కూడా అబద్ధమేనా పిన్నీ" అని. కాదమ్మా, అవి నిజమే, చాలా గొప్పవి కూడా. 2014లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు, పత్రహరితం నుంచి వచ్చే ఒక పదార్థాన్ని, ఎలుక కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాతో కలిపి ఎర్ర వెలుతురు వేస్తే ఏటీపీ ఎక్కువగా వచ్చిందని రాశారు. సీసా అమ్మేవాళ్లు ఎత్తి చూపించేది దీన్నే. ఆ పదార్థం ఈ సీసాలోని రాగి ఉప్పు కాదు, అక్కడ ప్రయోగం చేసింది మనుషుల మీద కాదు. 2022లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు పాలకూర హరితరేణువుల లోపలి పొరల్ని అతి సూక్ష్మంగా తీసి, ఎలుక కణాలు పరాయివని గుర్తుపట్టకుండా మృదులాస్థి కణాల పొర తొడిగి, కీళ్లు అరిగిన ఎలుకల మోకాళ్లలోకి ఎక్కించి వెలుతురు వేశారు. ఆ కణాలకి శక్తి అంది, అరుగుదల నెమ్మదించింది. 2024లో టోక్యో విశ్వవిద్యాలయంలో మత్సునాగా బృందం ఒక ఎర్ర శైవలం హరితరేణువుల్ని హామ్‌స్టర్ అనే ఎలుకలాంటి జీవి కణాల్లోకి పంపింది. రెండు రోజుల పాటు వాటిలో వెలుతురుతో జరిగే పని నడిచింది, తర్వాత అవి కరిగిపోయాయి. ప్రయోగశాల పళ్లెంలో, రెండు రోజులు. నాకు ఆ వార్త చదువుతుంటే ఒళ్లు జలదరించింది. పెంచే కణజాలం లోపలికి ఆక్సిజన్ అందించడానికి ఇలాంటివి ఒకనాటికి పనికొస్తాయని వాళ్ల ఆశ. అన్నం మాన్పించడం వాళ్ల ఉద్దేశం కాదు.

ఈ చుక్కలకి అసలు ఏ గుణమూ లేదని కూడా నేను అనను. మలం పోవడానికి పొట్టకి సంచి పెట్టిన రోగుల్లో వాసన తగ్గించడానికి క్లోరోఫిలిన్ చాలాకాలంగా వాడుతున్నారు. చైనాలోని చీదోంగ్ ప్రాంతంలో 180 మందితో చేసి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, భోజనంతో పాటు ఇది తీసుకున్నవాళ్లలో అఫ్లటాక్సిన్ వల్ల జరిగే హాని గుర్తులు సగానికి పైగా తగ్గాయి. బూజు పట్టిన వేరుశనగలో ఉండే విషం అది, అందుకే మనకీ సంబంధం ఉన్న విషయం. అయితే అది ఇంకో పని. శక్తి ఇవ్వడం కాదు. ఇంకొకటి, పత్రహరితం విరిగితే వచ్చే కొన్ని పదార్థాలు చర్మం ఎండని తట్టుకోలేకుండా చేస్తాయి. 1977లో జపాన్‌లో క్లోరెల్లా మాత్రలు మింగినవాళ్లకి అలాగే ఎండ తగిలి చర్మం దెబ్బతింది. అందుకని ఏ పత్రహరితం సరుకైనా తాగి వెంటనే ఎండలో కూర్చోమని చెప్పడం నాకు సరైన సలహా అనిపించలేదు.

సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉంది కదా అని అక్క అడిగింది. ఆ నంబరు తయారీదారుకి ఆహారపు సరుకు తయారుచేసే అనుమతి ఉందని చెబుతుంది, పేజీలో రాసిన మాటలన్నీ నిజమని చెప్పదు. దాని పక్కనే "మందుగా వాడరాదు" అని కూడా అచ్చు వేసి ఉంది, కంటికి ఆనని సైజులో.

నలభయ్యో రోజున అక్కని బలవంతంగా రక్తపరీక్షకి తీసుకెళ్లాను. హిమోగ్లోబిన్ 7.9. డాక్టరమ్మ అడిగితే అప్పుడు చెప్పింది, ఏడాదిన్నరగా నెలసరిలో రక్తం విపరీతంగా పోతోందట. నాకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. "ఈ వయసులో అందరికీ ఉండేదేగా" అని ఊరుకుంది. స్కానింగులో గర్భసంచిలో గడ్డ కనిపించింది, దానికి వేరే వైద్యం నడుస్తోంది. ఐరన్ మాత్ర ఇచ్చారు, నిమ్మరసంతో వేసుకోమన్నారు, మాత్రకి దగ్గరగా టీ తాగొద్దన్నారు. ఏడు వారాలకి 10.4 అయింది. మొన్న పదహారు మెట్లూ ఆగకుండా ఎక్కింది. పైకి వెళ్లాక నన్ను పిలిచి, "లెక్కపెట్టావా?" అని అడిగింది.

మార్కులు వేయమంటే అయిదుకి ఒకటి. ఆ ఒక్కటీ వెనక చీటీలో పదార్థం పేరు నిజంగా రాసినందుకు. 749 రూపాయల కన్నా నాకు నొప్పి కలిగించింది ఆ నలభై రోజులు. తాగుతున్నాను కదా, రేపో ఎల్లుండో తగ్గుతుందని ఆమె ఎదురుచూసిన రోజులు అవి. అక్క కూతురిది తప్పేమీ లేదు. అమ్మ కోసం వెతికింది, ముందుగా ఆమె కళ్లబడింది ఆ పేజీ. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి నీరసంగా ఉన్నారంటే, ఇలాంటి సీసా కొనే ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిలవ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆడవాళ్లయితే నెలసరి గురించి ఒకసారి నెమ్మదిగా అడగండి.

అక్క ఇప్పటికీ పొద్దున డాబా మీద కూర్చుంటుంది, చేతిలో గ్లాసు లేకుండా. నేను వద్దనలేదు. ఎండతో మన చర్మం చేయగలిగే పని ఒకటి నిజంగానే ఉంది, విటమిన్ డి. దానికి పొద్దుటెండ కన్నా కాస్త పైకెక్కిన ఎండ మేలని చెబితే, కాజాలు కుట్టే పని పదిన్నరకి డాబా మీద పెట్టుకుంది. నా సీసాలో కొంచెం అలాగే మిగిలింది, కాలేజీ ల్యాబుకి పట్టుకెళ్లాను. పాలకూర రసం ఒక పరీక్షనాళికలో, ఈ చుక్కలు ఇంకో దానిలో పోసి, కిటికీలకి అట్టలు అడ్డం పెట్టి టార్చి వేశాను. పాలకూర ఎర్రగా వెలగగానే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి ముందుకొచ్చి, "మేడం, ఇది మా ఇంట్లో పప్పులో వేసేదేనా?" అని అడిగింది.